ముందు దారి గీయండి: ఆఫ్‌లైన్ మ్యాప్ యాప్‌ల రూపకర్తలకు బహిరంగ లేఖ

ఆఫ్‌లైన్ మ్యాప్ యాప్‌లు తయారుచేస్తున్న ఇంజినీర్లకు, వాటిని నడుపుతున్న సంస్థలకు, సెలవు రోజుల్లో కూర్చుని వాటి కోడ్‌ను ఉచితంగా సరిదిద్దుతున్న స్వచ్ఛంద కార్యకర్తలకు,

నమస్కారం.

కిందటి వానకాలంలో ఒక సాయంత్రం కొండదారిలో దిగుతున్నాం. కారు మా బావ నడుపుతున్నాడు. వెనక సీట్లో మా అత్తయ్యకు కడుపులో నొప్పి మొదలై గంట దాటింది. కొండ దిగితే ఆసుపత్రి ఉందని మాకు తెలుసు. ఒక మలుపు తిరిగాక రోడ్డు రెండుగా చీలింది. బోర్డు లేదు, ఫోనులో సిగ్నల్ లేదు. అయినా నాకు కంగారు పుట్టలేదు. ఆ ప్రాంతం మ్యాప్ మొత్తం వారం ముందే ఫోనులోకి దించి పెట్టుకున్నాను. ఇలాంటి అవసరం కోసమే కదా దించుకున్నది అనుకుంటూ యాప్ తెరిచాను.

తెర మీద బూడిదరంగు గళ్లు వచ్చాయి. మధ్యలో నీలం చుక్క. ఆ చుక్క మేమే. మా చుట్టూ ఏమీ లేదు. కొన్ని సెకన్లకు అడవి పచ్చరంగు ఒక్కో గడిలో నిండడం మొదలైంది. తర్వాత కొండ ఎత్తులు చూపే సన్నని గోధుమరంగు గీతలు వచ్చాయి. తర్వాత లోయలో ఎక్కడో ఉన్న చెరువు. ఆ చెరువు పక్కన ఊళ్లో ఇళ్లు, ఒక్కో ఇంటికీ ఒక్కో చిన్న పెట్టె. "ఎటు తిప్పను?" అని బావ అడిగాడు. "ఒక్క నిమిషం బావా" అన్నాను. దగ్గరగా చూస్తే త్వరగా తెలుస్తుందేమోనని రెండు వేళ్లతో మ్యాప్‌ను పెద్దది చేశాను. గళ్లన్నీ మళ్లీ బూడిదరంగుకు తిరిగాయి. పచ్చరంగు, గోధుమ గీతలు, చెరువు, ఇళ్లు, అన్నీ మొదటి నుంచి మొదలయ్యాయి. రోడ్డు అన్నిటికన్నా చివర వచ్చింది. అది కనిపించేసరికి బావ అదే ప్రశ్న మూడోసారి అడిగాడు.

రోడ్డు కనిపించింది కదా అని ఆసుపత్రికి దారి చూపమన్నాను. శాతం అంకె పైకి ఎక్కుతూ పోయి 64 దగ్గర ఆగింది. కాసేపటికి యాప్ దానంతటదే మూసుకుపోయింది. చివరికి ఎదురుగా వచ్చిన లారీని ఆపి అడిగాం. డ్రైవరు ఎడమ వైపుకు చెయ్యి చూపాడు. అత్తయ్య ఇప్పుడు కులాసాగానే ఉన్నారు.

ఆ యాప్ పేరు ఇక్కడ రాయను. రాస్తే ఇది ఒక్కరి మీద ఫిర్యాదు అవుతుంది, మిగిలినవారు ఊపిరి పీల్చుకుంటారు. ఇంటికి వచ్చాక అదే ఫోనులో మరో మూడు యాప్‌లు పెట్టి, అదే ప్రాంతం మ్యాప్ దించి, దాన్ని అదే చీలిక దగ్గర తెరిచి చూశాను. ఒకటి చప్పున తెరుచుకుంది. రెండోది నడిచింది కానీ ఈడుస్తూ నడిచింది. మూడోది మొదటి యాప్ కన్నా అధ్వానం. ఫోను అదే, మెమరీ కార్డు అదే. ఆ నాలుగు యాప్‌లూ వాడే భౌగోళిక సమాచారం కూడా ఒకే చోటి నుంచి, అంటే స్వచ్ఛంద కార్యకర్తలు గీసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ప్రపంచ పటం నుంచి వచ్చిందే. మరి తేడా ఎక్కడుంది? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. నేను మీలా ఇంజినీరును కాను. అయినా దొరికినంత చదివాను, తెలిసినవారిని అడిగాను. నాకు అర్థమైనంతలో, చేయాల్సిన పనిని ఎప్పుడు, ఎక్కడ చేస్తున్నారన్న దాంట్లోనే తేడా అంతా ఉంది. ఈ ఉత్తరం దాని గురించే.

సిగ్నల్ ఉన్నప్పుడు మ్యాప్ ఎందుకు చకచకా కదులుతుందో మీకు నేను చెప్పనవసరం లేదు. తోటి వినియోగదారులు కూడా ఇది చదువుతారు కనుక వారి కోసం రెండు మాటలు. ప్రపంచ పటాన్ని చదరపు ముక్కలుగా కోస్తారు. సున్నా మెట్టులో ప్రపంచమంతా ఒకే ముక్క. ఒక్కో మెట్టు దగ్గరికి వెళ్లిన కొద్దీ ప్రతి ముక్కా నాలుగవుతుంది. ఇళ్లు, సందులు స్పష్టంగా కనిపించే 18వ మెట్టుకు వచ్చేసరికి ముక్కల సంఖ్య దాదాపు 6,872 కోట్లు. వీటిని ముందే బొమ్మలుగా గీసి దాచుకోవడం పెద్ద సర్వర్లకే సాధ్యం. ఫోనుకు అన్ని బొమ్మలు పంపలేరు. అందుకే ఆఫ్‌లైన్ మ్యాప్‌లో బొమ్మలకు బదులు వాటిని గీయడానికి కావలసిన సరుకు పంపుతారు. ఈ బిందువు నుంచి ఆ బిందువుకు ఒక రోడ్డు, దాని పేరు ఇది, ఇది ఒకవైపు దారి, అది చెరువు గట్టు, ఇది గుడి, ఇలా. ఆ సరుకు చూసి బొమ్మ గీసే పని మొత్తం ఫోను మీద పడుతుంది. వేలితో మ్యాప్‌ను జరిపినప్పుడు కదలిక సాఫీగా ఉండాలంటే తెర సెకనుకు 60 సార్లు మారాలి. అంటే ఒక్కో బొమ్మకు దొరికే సమయం 16 మిల్లీసెకన్ల పైచిలుకు మాత్రమే. ఇంత కష్టమైన పనిని మీరు తలకెత్తుకున్నారన్న గౌరవం నాకుంది. ఆ గౌరవంతోనే మిగతా మాటలు రాస్తున్నాను.

గీయడం దగ్గర మొదలుపెడతాను, ఆ రోజు నేను చూసింది అదే కాబట్టి. మ్యాప్ గీసేటప్పుడు అడుగున ఉండాల్సినవి ముందు, పైన ఉండాల్సినవి తర్వాత గీస్తారని తెలుసుకున్నాను. గోడకు రంగు వేసేవాడు ముందు నేల రంగు పూసి, దాని మీద పువ్వులు వేసినట్టు. అడవి, నీరు, ఎత్తుల గీతలు, భవనాలు, ఆపైన రోడ్లు, వాటి పైన పేర్లు. వేగంగా ఉన్న ఫోనులో ఈ వరుస ఎవరికీ తెలియదు, అన్నీ ఒక్కసారే వచ్చినట్టుంటుంది. నెమ్మదైన ఫోనులో మాత్రం ఈ వరుసే శాపమవుతుంది. మనిషికి అన్నిటికన్నా ముందు కావలసిన రోడ్డు అన్నిటికన్నా చివర వస్తుంది. నా మొదటి విన్నపం ఇదే: ముందు దారి గీయండి. ఖాళీ తెల్ల కాగితం మీద రెండు రోడ్లు, నీలం చుక్క కనిపిస్తే చాలు, బావకు జవాబు చెప్పేవాణ్ణి. అడవి పచ్చదనం ఆ తర్వాత తీరిగ్గా రానివ్వండి. వేలు కదిపినప్పుడు కూడా అప్పటికే గీసిన బొమ్మను చెరిపేయకండి. దాన్నే సాగదీసి, మసకగా అయినా సరే, కొత్త బొమ్మ తయారయ్యేదాకా తెర మీద ఉంచండి. ఈ పని బాగా చేస్తున్న యాప్‌లు ఉన్నాయి, కనుక ఇది సాధ్యమేనని నాకు తెలుసు.

గీయాల్సిన సరుకు ఎంత అన్నది మరో సంగతి. ఏటి వంపులు గీయడానికి వేల బిందువులు ఉండవచ్చు. దగ్గర నుంచి చూసినప్పుడు అవన్నీ కావాలి. రాష్ట్రమంత విస్తీర్ణం తెర మీద చూస్తున్నప్పుడు ఆ ఏరు నాలుగు వంపుల గీతగా కనిపిస్తే చాలు. అనవసరమైన బిందువులను తీసేసి గీత ఆకారం చెడకుండా ఉంచే లెక్కను డగ్లస్, ప్యూకర్ అనే ఇద్దరు 1973లోనే ప్రచురించారు. ఆ లెక్కను మ్యాప్ ఫైలు తయారుచేసేటప్పుడే, ఒక్కో మెట్టుకు ఒక్కోసారి చేసి పెట్టవచ్చు. కొన్ని యాప్‌లు అలాగే చేస్తాయి. ఇంకొన్ని మొత్తం సరుకును ఫోను ముందు కుమ్మరించి, నువ్వే ఏరుకో అంటాయి. దాహం వేశాక బావి తవ్వినట్టు, నేను చీలిక దగ్గర నిలబడి ఉన్నప్పుడు నా ఫోను కూర్చుని వంపులు లెక్కపెడుతుంది. మీ కంప్యూటరులో ఒక్కసారి చేస్తే తీరిపోయే పనిని లక్షల ఫోన్లలో, మ్యాప్‌ను జరిపిన ప్రతిసారీ చేయిస్తున్నారు. ఆ లక్షల ఫోన్ల బ్యాటరీ కూడా దానికే ఖర్చవుతోంది.

పేర్ల గురించి ఒక చిన్న మాట, తెలుగులో రాస్తున్నాను కాబట్టి. ఊరి పేరు తెర మీద పెట్టడం తేలిక పని కాదని తెలుసు. ఒక పేరు మరో పేరు మీద పడకూడదు, రోడ్డు వంపు వెంట వంగాలి. సంయుక్తాక్షరాలున్న లిపుల్లో ఇంకో చిక్కు ఉంది. అక్షరం, ఒత్తు, గుణింతం కలిసి ఏ ఆకారం తీసుకుంటాయో ముందు తేల్చుకుని ఆ తర్వాత గీయాలి. వేగం కోసం ఈ మెట్టును దాటవేసి, అక్షరాలను విడివిడిగా పక్కపక్కన అతికించే యంత్రాంగాలు ఉన్నాయి. అప్పుడు ఒత్తులు విడిపోయి, ఊరి పేరు చదవడానికి వీల్లేకుండా పోతుంది. త్వరగా వచ్చి చదవలేని పేరు నాకు ఎందుకూ పనికిరాదు. పేరు ఆకారాన్ని ఒకసారి తేల్చుకున్నాక దాన్ని దాచిపెట్టుకుని మళ్లీ మళ్లీ వాడుకోండి. ఊళ్ల పేర్లు రోజూ మారవు కదా.

ఇక దారి వెతకడం. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఆ 64 శాతం ఇంకా నా కళ్లముందే ఉంది.

రెండు ఊళ్ల మధ్య అతి దగ్గరి దారి కనుక్కునే పద్ధతిని డచ్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1956లో ఆలోచించాడు, 1959లో ప్రచురించాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో కాబోయే భార్యతో కలిసి ఒక కాఫీ హోటలు ముందు కూర్చుని, కాగితం, పెన్సిలు లేకుండా, 20 నిమిషాల్లో దాన్ని రూపొందించానని ఆయనే తర్వాత చెప్పాడు. ఆ పద్ధతి నీళ్లలో రాయి వేస్తే అల పరుచుకున్నట్టు ఉంటుంది. బయలుదేరిన చోటి నుంచి అన్ని వైపులకూ, ఒక్కో కూడలి దాటుకుంటూ, చేరాల్సిన చోటు తగిలేదాకా పోతుంది. 1968లో స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు చెందిన ముగ్గురు దీనికి దిక్కు చూపించారు. గమ్యం తూర్పున ఉంటే పడమటి వైపు అనవసరంగా వెతకడం తగ్గుతుంది. దీన్నే ఏ స్టార్ అంటారు. పదిహేను కిలోమీటర్ల దారికి ఇది చాలు. మూడు వందల కిలోమీటర్లు అడిగితే మాత్రం మధ్యలో ఉన్న ప్రతి ఊరి ప్రతి సందులోకీ తొంగిచూస్తూ పోవాల్సి వస్తుంది. తొంగిచూసిన ప్రతి కూడలినీ గుర్తుపెట్టుకోవడానికి జ్ఞాపకశక్తి, అంటే ర్యామ్, కావాలి. చిన్న ఫోనులో అది సరిపోదు. అప్పుడే యాప్ మూసుకుపోతుంది.

మనిషి అలా వెతకడు. దూరప్రయాణానికి ముందు పెద్ద రోడ్డు ఎక్కడ ఎక్కాలో, ఎక్కడ దిగాలో చూసుకుంటాడు. మధ్యలో ఉన్న ఊళ్ల సందులు అతనికి అవసరం లేదు. యంత్రానికి ఈ తెలివి నేర్పే పద్ధతులు ఎప్పుడో వచ్చాయి. 2008లో జర్మనీలోని కార్ల్స్‌రూహ్‌లో పరిశోధకులు ప్రకటించిన పద్ధతిలో, రోడ్ల జాలంలో ముఖ్యం కాని కూడళ్లను ముందుగానే దాటించే అడ్డదారులు లెక్కగట్టి ఫైలులో రాసి పెడతారు. పశ్చిమ ఐరోపా రోడ్ల పటంలో దాదాపు 1.8 కోట్ల కూడళ్లు ఉంటాయి. అంత జాలంలో ఈ మూల నుంచి ఆ మూలకు దారి కనుక్కోవడానికి ఆ రోజుల కంప్యూటరుకు ఒక్క మిల్లీసెకను కూడా పట్టలేదు. ముందస్తు లెక్కకు పట్టింది నిమిషాలు, అదీ ఒక్కసారి.

దీనికి మీ జవాబు ఏమిటో నాకు తెలుసు. ముందే లెక్కగట్టిన అడ్డదారులు ఒక రకం బండికి, ఒక రకం ఇష్టానికి మాత్రమే పనికొస్తాయి. మట్టిరోడ్డు వద్దన్నా, టోల్ రోడ్డు వద్దన్నా, సైకిలు మీద పోతామన్నా ఆ లెక్క మారిపోతుంది. నిజమే. మీ యాప్‌లలో కొన్ని వినియోగదారుకు ఎన్నో ఎంపికలు ఇస్తాయి, ఆ స్వేచ్ఛ నాకూ ఇష్టమే. కానీ నూటికి తొంభైమంది ఎంపికల జోలికి వెళ్లకుండా కారు గుర్తు నొక్కి దారి అడిగేవారేనని నా నమ్మకం. వారికి ముందస్తు లెక్క ఇవ్వండి. ఎంపికలు మార్చుకున్నవారికి నెమ్మదైన పద్ధతి వాడండి, ఎందుకు ఆలస్యమవుతోందో ఒక్క వాక్యంలో చెప్పండి. ఎంపికలు మారినా తట్టుకునే మెరుగైన పద్ధతులు కూడా ఆ తర్వాత వచ్చాయి. దూరపు దారులకు చాలాసేపు తీసుకుంటుందన్న పేరున్న ఆస్మాండ్ అనే ఆఫ్‌లైన్ మ్యాప్ యాప్ కూడా ఇటీవలి కాలంలో ముందస్తు లెక్కల పద్ధతిని తెచ్చుకుంది. ఎన్నో ఎంపికలున్న యాప్‌కే అది వీలైంది.

ఇంకొక చిన్న ఆలోచన. మొత్తం దారి తేలకముందు మొదటి మలుపు కచ్చితంగా చెప్పడం కుదరదని నాకు అర్థమవుతోంది. కానీ చీలిక దగ్గర నిలబడ్డ మనిషికి చాలాసార్లు మొత్తం దారి అక్కర్లేదు. ఎడమది ఎక్కడికి పోతుంది, కుడిది ఎక్కడికి పోతుంది? ఇంతే. ఒక్కో కొమ్మ వెంట పది కిలోమీటర్లు వెళ్లి, తగిలిన మొదటి పెద్ద ఊరి పేరు చెప్పడానికి ఎంత చిన్న ఫోనుకైనా క్షణం చాలు. దారి లెక్క పూర్తవుతున్నంతసేపూ శాతం అంకెకు బదులు ఆ రెండు పేర్లు తెర మీద చూపించండి. రోడ్డు పక్కన బోర్డు చేసే పని అదే కదా. ఆ రోజు అక్కడ బోర్డు లేదు.

పేరుతో వెతకడం గురించి ఎక్కువ రాయను. ఒక్కో ప్రాంతానికి ఒక్కో ఫైలు ఉన్నప్పుడు, పది ప్రాంతాలు దించుకున్నవాడి ఫోనులో పది ఫైళ్లూ తెరిచి వెతకడం వల్లనే ఆలస్యమవుతోంది. ముందు నేను నిలబడ్డ ప్రాంతంలో వెతకండి, దొరికినవి దొరికినట్టు చూపించండి. రోజువారీ మార్పులను చిన్న చిన్న ఫైళ్లుగా పంపే యాప్‌లు వాటిని అప్పుడప్పుడూ పెద్ద ఫైలులో కలిపేయాలి. లేకపోతే నెల తిరిగేసరికి అదే మ్యాప్ బరువెక్కిపోతుంది.

మెమరీ కార్డు సంగతి మాత్రం చాలామందికి తెలియదు, మీరు చెప్పడమూ లేదు. ఫోనులో చోటు తక్కువ ఉన్నవారు మ్యాప్‌లను కార్డులో పెట్టుకుంటారు. కార్డు పెట్టె మీద సెకనుకు ఇన్ని ఎంబీలు అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. అది సినిమా ఫైలును మొదటి నుంచి చివరి దాకా వరుసగా చదివే వేగం. మ్యాప్‌ను చదవడం అలా ఉండదు, నిఘంటువులో పదాలు వెతికినట్టు ఉంటుంది. ఇక్కడ ఒక పేజీ, వంద పేజీల తర్వాత ఇంకొకటి, మళ్లీ వెనక్కి. అలాంటి చదువుకు వేరే కొలత ఉంది. ఏ1 గుర్తు ఉన్న కార్డు సెకనుకు కనీసం 1,500 సార్లు, ఏ2 అయితే తగిన ఫోనులో కనీసం 4,000 సార్లు ఎక్కడినుంచైనా చిన్న ముక్కను తీసి ఇవ్వగలగాలి. ఏ గుర్తూ లేని కార్డుకు అలాంటి హామీ ఏదీ లేదు. నా కార్డు మీద ఏ గుర్తూ లేదు. మ్యాప్‌ను కార్డులోకి మార్చే క్షణంలో మీ యాప్ ఒక చిన్న పరీక్ష చేసి, "ఈ కార్డు నెమ్మదిగా ఉంది, మీరు తరచూ తిరిగే ప్రాంతాన్ని ఫోనులోనే ఉంచుకోండి" అని చెప్పి ఉంటే, నేను ఫోనులో పాత వీడియోలు చెరిపేసి చోటు చేసుకునేవాణ్ణి. ఇంకా మంచి పని, పక్కపక్క ప్రాంతాల సమాచారాన్ని ఫైలులో కూడా పక్కపక్కనే పెట్టడం. అప్పుడు నిఘంటువు పేజీలు అంతగా తిప్పాల్సిన పని ఉండదు.

ఒక విషయంలో తప్పు మీది కాదు, కానీ నింద మీ మీద పడుతోంది. నీలం చుక్క. జీపీఎస్‌కు ఇంటర్నెట్ అక్కర్లేదు, కానీ ఇంటర్నెట్ ఉంటే అది త్వరగా మేలుకుంటుంది. ఏ ఉపగ్రహం ఆకాశంలో ఎక్కడుందో తెలిపే సమాచారాన్ని ఫోను మామూలుగా నెట్‌వర్క్ నుంచి తెచ్చుకుంటుంది. సిగ్నల్ లేనప్పుడు దాన్ని నేరుగా ఉపగ్రహం నుంచే వినాలి. ఉపగ్రహం దాన్ని సెకనుకు 50 బిట్ల చొప్పున, 30 సెకన్లకొకసారి చెబుతుంది. చెట్ల కింద, కొండ నీడలో ఒక్క ముక్క వినబడకపోయినా మళ్లీ ఆ వంతు వచ్చేదాకా ఆగాలి. ఉపగ్రహాలన్నిటి స్థూల పట్టిక పూర్తిగా వినాలంటే పన్నెండున్నర నిమిషాలు. ఇదేమీ తెలియని మనిషి చుక్క కదలకపోతే యాప్ పాడైందనుకుని మూసి మళ్లీ తెరుస్తాడు, ఆలస్యం ఇంకా పెరుగుతుంది. "ఉపగ్రహాల కోసం వింటున్నాను, ఆకాశం బాగా కనిపించే చోట అర నిమిషం ఉండండి" అని తెలుగులో ఒక వాక్యం రాస్తే చాలు. తిరుగుతూ ఉండే చక్రం ఏమీ చెప్పదు. తెలియకుండా ఎదురుచూడడమే ఆ చీకట్లో అన్నిటికన్నా కష్టంగా అనిపించింది.

ఫోను కాల్ వచ్చినప్పుడు జరిగేది కూడా చెప్పాలి. మాట్లాడి తిరిగి వచ్చేసరికి యాప్ మొదటి నుంచి తెరుచుకుంటుంది. ర్యామ్ చాలక ఆండ్రాయిడ్ దాన్ని మూసేసిందని ఇప్పుడు తెలుసు. మూయడం మీ చేతిలో లేదు. తేల్చిన దారిని వెంటనే ఫైలులో రాసి పెట్టుకుని, తెరవగానే అక్కడినుంచే కొనసాగించడం మీ చేతిలోని పనే. అలాగే వేడి. అద్దం వెనక ఎండలో, చార్జింగ్ పెట్టి, తెర వెలుతురు పూర్తిగా పెంచి, జీపీఎస్ నడుస్తూ ఉంటే ఫోను సలసల కాగుతుంది, తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఏసీ గదిలో బల్ల మీద పెట్టి కొలిచిన వేగానికీ దీనికీ పోలిక లేదు.

"మీ ఫోను పాతది, కొత్తది కొనుక్కోండి" అన్న సలహా చాలాసార్లు విన్నాను. పిండి కొద్దీ రొట్టె అనే మాట నాకూ తెలుసు. కానీ ఆఫ్‌లైన్ మ్యాప్ ఎవరికి ఎక్కువ అవసరమో ఒక్కసారి ఆలోచించండి. సిగ్నల్ అందని చోట ఉండేవారికి, డేటాకు డబ్బు లెక్క చూసుకునేవారికి, సరిహద్దు దాటినవారికి, కొండల్లో మందులు మోసుకుపోయే ఆరోగ్య కార్యకర్తకు, వరదలో టవర్లు కూలిన ఊరికి వెళ్లే సహాయక బృందానికి. వారిలో ఎక్కువమంది చేతిలో ఉండేది నాలుగైదేళ్ల నాటి ఫోనే. సరికొత్త ఫోను, నిండు సిగ్నల్ ఉన్నవారికి ఎలాగూ ఇతర మ్యాప్‌లు ఉన్నాయి. కనుక పాత ఫోన్లు ఉన్నవారే మీ అసలు వినియోగదారులు.

ఉచిత యాప్‌లు నడుపుతున్న స్వచ్ఛంద మిత్రులతో ఈ మాట అనడానికి నాకు సంకోచంగానే ఉంది. మీరు నాకేమీ బాకీ లేరు. ప్రకటనలు లేకుండా, నేను ఎక్కడ తిరుగుతున్నానో ఎవరికీ చెప్పకుండా పనిచేసే ఆర్గానిక్ మ్యాప్స్ లాంటివి మీవల్లే ఉన్నాయి. మీ పని వెనక ఇంకా పెద్ద శ్రమ ఉంది. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ప్రతి సందునూ ఎవరో ఒకరు కూర్చుని గీశారు. 2010 జనవరి 12న హైతీలో భూకంపం వచ్చినప్పుడు, ఎక్కడెక్కడి స్వచ్ఛంద కార్యకర్తలో ఉపగ్రహ చిత్రాలు చూసి రాజధాని పోర్ట్ ఓ ప్రిన్స్ వీధులను రోజుల వ్యవధిలో గీసి పెట్టారు. సహాయక బృందాలు ఆ మ్యాప్‌ను చేతి జీపీఎస్ పరికరాల్లోకి ఎక్కించుకుని వాడాయి. మా కొండదారిని కూడా అలాగే ఎవరో, ఎప్పుడో, జాగ్రత్తగా గీశారు. మలుపు మలుపూ సరిగ్గా ఉంది, తర్వాత పరీక్షగా చూశాను. అంత శ్రద్ధగా గీసిన గీత ఆఖరి అడుగులో, నా అరచేతిలో, రెండు జీబీల ఫైలు లోపల ఇరుక్కుపోయింది. అదే నాకు బాధ.

డబ్బు తీసుకునే సంస్థలతో మాత్రం నాకు సంకోచం లేదు. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా కొత్త రంగులు, కొత్త గుర్తులు, త్రీడీ భవనాలు చేర్చామని రాస్తారు. యాప్ తెరిచాక రోడ్డు కనిపించడానికి ఎన్ని సెకన్లు పడుతుందో ఏనాడైనా రాశారా? తక్కువ ధర ఫోను ఒకటి, గుర్తు లేని కార్డు ఒకటి కొని ఆఫీసులో బల్ల మీద పెట్టుకోండి. ప్రతి వెర్షన్‌నూ దాని మీద తెరిచి, పట్టిన సెకన్లు విడుదల పత్రంలో ప్రచురించండి. అంతకుముందు వెర్షన్ కన్నా ఆ అంకె పెరిగితే విడుదల ఆపండి. ఎత్తుల గీతలు, త్రీడీ భవనాలు అడిగినవారికి మాత్రమే కనిపించేలా పెట్టండి. బ్యాటరీ పది శాతానికి పడినప్పుడు, ఫోను వేడెక్కినప్పుడు, యాప్ దానంతటదే సాదా మ్యాప్‌కు మారాలి. రోడ్లు, ఊళ్ల పేర్లు, ఆసుపత్రులు, పెట్రోలు బంకులు ఉంటే చాలు.

గూగుల్ 2015లో, ఆపిల్ 2023లో సిగ్నల్ లేకుండా దారి చూపే సదుపాయం తెచ్చాయి. పెద్ద సంస్థలు కూడా దాని అవసరం గుర్తించాయి కనుక మీ పని ఇక ఏదో ఒక మూలన జరిగే పని కాదు. రేపు చాలామంది మొదటిసారి మీ యాప్ తెరుస్తారు. అదీ ఏదో ఒక చీలిక దగ్గర, ఎవరో ఒకరు పక్కన కూర్చుని "ఎటు?" అని అడుగుతుండగా.

ఆ పాత ఫోను ఇంకా నా దగ్గరే ఉంది. అమ్మలేదు, మార్చలేదు. కార్డు కూడా అదే. మీలో ఎవరైనా కొత్త వెర్షన్ విడుదలకు ముందు పరీక్షకు ఇస్తే, అదే మ్యాప్ ఎక్కించి, ఇంటర్నెట్ ఆపి, ఆ చీలిక దగ్గర తెరిచి చూస్తాను. రోడ్డు ఎన్నో సెకనులో కనిపించిందో రాసి పంపుతాను.

ఇట్లు,
మీ యాప్ వాడే ఒక ప్రయాణికుడు